ఖుత్బా, ఖజానా, పీర్ల సావిడి: గోల్కొండ షియా సంస్థలతో సామ్రాజ్యాలు నడిపిన వ్యవహారం

మొహర్రం నెలవంక కనబడగానే పల్నాడు పల్లెల్లో పీర్ల సావిడికి సున్నం వేస్తారు. ఏడాదంతా పెట్టెలో ఉన్న పీర్లను బయటికి తీసి, చింతపండుతో తోమి, గంధం పూసి, దట్టీలు కట్టి నిలబెడతారు. సావిడి ముందు గుండం తవ్వుతారు. అక్కణ్ణుంచి పదో రోజు దాకా ఊదు పొగ, డప్పుల మోత, మొక్కుబడుల వాళ్ల రాకపోకలు. పీరు ఎత్తుకునేది ఫకీరు కావచ్చు, దూదేకుల సాయిబు కావచ్చు, హిందూ కులాల మనిషీ కావచ్చు. ఆ పీర్లు తలపించేది 680వ సంవత్సరంలో కర్బలాలో ప్రాణాలు వదిలిన ఇమాం హుస్సేన్‌ను, ఆయన వెంట నిలిచినవాళ్లను. షియాల మత జీవితమంతా ఆ దుఃఖం చుట్టూ అల్లుకుని ఉంటుంది. పల్నాడు ముస్లింలలో మాత్రం అత్యధికులు సున్నీలు. షియాలు దాదాపు లేని ఊళ్లలో షియా ఆచారం ఇంత బలంగా ఎలా నిలిచింది?

దీనికి మన దగ్గర తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. గోల్కొండ సుల్తానులు షియాలు కాబట్టి వాళ్లు పెట్టారు. ఔరంగజేబు సున్నీ కాబట్టి వచ్చి అణిచేశాడు. పల్లెల్లో మాత్రం ఏదో కొంత మిగిలిపోయింది. ఈ జవాబులో మూడు వాదాలు కలిసి ఉన్నాయి. రాజ్యం పెట్టిందన్నది ఒకటి, సామ్రాజ్యం తీసేసిందన్నది రెండోది, ఊరిలో ఉన్నది దాని అవశేషమే అన్నది మూడోది. ఒక్కోదాన్నీ విడిగా తీసుకుని, దానికి ఏ ఆధారం ఎంతవరకు బలమిస్తుందో చూడడం ఈ వ్యాసం పని. నడికుడి దగ్గర నిలబడి చూస్తే ఈ కథలోని ముఖ్యమైన చోట్లు చుట్టుపక్కలే కనిపిస్తాయి. ఆగ్నేయాన కొండవీడు, తూర్పున పులిచింతల నీళ్ల కిందికి వెళ్లిన కొల్లూరు, కృష్ణ అవతల హైదరాబాదు దారి. ఆ దారి వెంటే నేడు బీబీనగర్–నడికుడి రైలు మార్గం ఉంది.

రాజ్యం ఏం పెట్టింది

కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చిన తుర్కుమాన్. బహమనీల కింద తెలంగాణ పాలకుడిగా ఉండి, 16వ శతాబ్దపు మొదటి పాదంలో గోల్కొండలో స్వతంత్రుడయ్యాడు. పన్నెండుమంది ఇమాముల పేర్లతో ఖుత్బా చదివించాడు. శుక్రవారం మసీదులో చదివే ఆ ప్రసంగంలో ఎవరి పేరు వినిపిస్తే ఆ నేల వాళ్ల ఏలుబడిలో ఉన్నట్టు లెక్క. అందువల్ల ఖుత్బా ఒకేసారి మత విషయమూ, రాజ్యాధికార ప్రకటనా అయింది. ఈ సంగతి ముందుముందు చాలా అవసరపడుతుంది.

గోల్కొండలో షియా పండితులకు దక్కినది గౌరవం ఒక్కటే కాదు, పాలనాధికారం కూడా. ఇరాన్ నుంచి 1581లో వచ్చిన మీర్ ముహమ్మద్ మోమిన్ అస్త్రాబాదీ కొద్ది ఏళ్లకే పేష్వా (ప్రధానమంత్రి) అయి, 1625లో చనిపోయేదాకా రాజ్యంలో మొదటి వరసలో ఉన్నాడు. 1591లో మొదలైన హైదరాబాదు నగర నిర్మాణంలో ఆయన చెయ్యి ఉందని చరిత్రకారులు ఒప్పుకుంటారు. ఆయన పేరుతో ఉన్న శ్మశానం, దాయిరా మీర్ మోమిన్, నేటికీ హైదరాబాదులో ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో లెబనాన్ కొండప్రాంతపు షియా విద్వాంసుల కుటుంబానికి చెందిన ఇబ్న్ ఖాతూన్ అదే పేష్వా పదవిలో కూర్చున్నాడు.

ఆచారానికి కట్టడం కూడా తోడైంది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో మొహర్రం సంతాపం జరుపుకునే బాద్‌షాహీ ఆశుర్‌ఖానా కట్టించాడు. దాని గోడల మీది రంగుపెంకుల పని ఇవాళ్టికీ చూడొచ్చు. అబ్దుల్లా ఆస్థాన చరిత్ర ‘హదీఖతుస్సలాతీన్’ మొహర్రం పది రోజులనూ వర్ణిస్తుంది. వరుసలు వరుసలుగా దీపపు గూళ్లు, రోజుకో వరుస చొప్పున పెరిగే వెలుగు, దర్బారంతా నల్లబట్టలు, మాంసం తాంబూలాల నిషేధం. అయితే అది ఆస్థానం కోసం రాసిన పుస్తకం. రాజు ఏం చేశాడో చెప్పడానికి అది గట్టి సాక్ష్యం. కృష్ణకు ఇవతలి పల్లెల్లో ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం చాలదు.

పల్నాడు వైపు వస్తే, ఇబ్రహీం కుతుబ్‌షా చివరి రోజుల్లో, 1579 ప్రాంతంలో, వినుకొండ, బెల్లంకొండ, కొండవీడు కోటలు గోల్కొండ చేతికి చిక్కాయి. కొండవీటికి ముర్తజానగర్ అని పేరు పెట్టారు. ముర్తజా అన్నది ఇమాం అలీకి ఉన్న బిరుదు. మనుషులకూ పెట్టుకునే పేరు. ఒక సర్దారు పేరు మీద పెట్టారన్న వాదమూ ఉంది. రెండింటిలో ఏది నిజమైనా, సర్కారు కాగితం మీది పేరును బట్టి పల్లె జనం నమ్మకాన్ని తేల్చలేం. ఆ పేరు తర్వాత మొఘలుల లెక్కల్లోనూ, ఈస్టిండియా కంపెనీ రికార్డుల్లోనూ గుంటూరు సర్కారుకు పర్యాయంగా కొనసాగిందన్నది అసలు గమనించాల్సిన సంగతి. షియా వాసన ఉన్న పేరని ఔరంగజేబు అధికారులు దాన్ని కొట్టెయ్యలేదు. రెండో వాదాన్ని పరీక్షించేటప్పుడు ఈ చిన్న ఆధారం పనికొస్తుంది.

గోల్కొండ ఖజానాకు పల్నాడు ఇచ్చింది మరొకటుంది. 17వ శతాబ్దంలో కొల్లూరు వజ్రాల గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. అది కంటిచూపు అంచనాయే గాని లెక్క పెట్టి చెప్పిన అంకె కాదు. ఎంత తగ్గించి చూసినా, ఈ నేల నుంచి గోల్కొండకు భారీ రాబడి వెళ్లిందన్నది నిర్వివాదం. కొల్లూరు సొమ్ముతోనే ఆశుర్‌ఖానాల దీపాలు వెలిగాయని ఒక ముడి వేసి చూపలేం. కాని ఖజానా ఒకటే. ఆశుర్‌ఖానాల ఖర్చు, పండితుల జీతాలు, మొఘలులకు కట్టిన కప్పం, అన్నీ అందులోంచే వెళ్లాయి.

మొదటి వాదం ఇంతవరకు నిలబడుతుంది: రాజధానిలో షియా సంస్థలు రాజ్యం డబ్బుతో, రాజ్యం అండతో పెరిగాయి. దాంతోపాటే ఒక సవరణ కూడా అవసరం. గోల్కొండ షియాలకు మాత్రమే ఆసరా ఇచ్చిన రాజ్యం కాదు. ఇబ్రహీం కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టించిన హుస్సేన్ షా వలీ గుల్బర్గా బందేనవాజ్ గేసూదరాజ్ వంశపు చిష్తీ సూఫీ. చివరి సుల్తాను అబుల్‌హసన్ తానాషాకు గురువు షా రాజు కూడా ఆ సూఫీ సంప్రదాయం వాడే. పన్నెండుమంది ఇమాముల పేరున నడిచిన రాజ్యం చిష్తీ గురువుల పాదాలకూ మొక్కింది. ఊరి పీర్ల సావిడిలో కనిపించే కలగలుపుకు రాజధానిలోనే ముందు జాడలున్నాయి.

1636: రెండు మాటల మీద పట్టు

మొఘల్ ప్రభుత్వం గోల్కొండ షియా వ్యవస్థ మీద తొలిసారి నేరుగా చెయ్యి వేసింది షాజహాన్ కాలంలో. 1636లో దౌలతాబాదులో దిగిన షాజహాన్ బీజాపూరు, గోల్కొండలకు షరతులు పంపాడు. అబ్దుల్లా కుతుబ్‌షా తలవంచి ‘ఇన్‌ఖియాద్‌నామా’ అనే విధేయతా పత్రం రాసిచ్చాడు. షరతుల సారాంశం ఇది: ఖుత్బాలో పన్నెండుమంది ఇమాముల పేర్లకు బదులు మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి, ఇరాన్ షా పేరు తీసి షాజహాన్ పేరు చేర్చాలి, నాణేల మీద మొఘల్ చక్రవర్తి పేరుండాలి, ఏటా రెండు లక్షల హొన్నులు (బంగారు నాణేలు) కప్పం కట్టాలి. ప్రవక్త సహచరులను బహిరంగంగా దూషించడం ఆపాలని కూడా షాజహాన్ కోరాడు.

ఈ పట్టికలో ఉన్నవాటితో పాటు లేనివాటినీ చూడాలి. ఖుత్బా ఉంది, నాణెం ఉంది, కప్పం ఉంది, దూషణ ఉంది. ఆశుర్‌ఖానాలు మూసేయాలని లేదు. మొహర్రం ఆపాలని లేదు. షియా పండితుణ్ణి పేష్వాగా పెట్టుకోకూడదని లేదు. అప్పటికి పేష్వాగా ఉన్న ఇబ్న్ ఖాతూన్ షియా విద్వాంసుడే. షాజహాన్‌కు కావలసింది ముఖ్యంగా ఇరాన్‌తో ఉన్న రాజకీయ బంధాన్ని తెంచడం. సఫవీ షా పేరు దక్కను మసీదుల్లో వినిపించినంతకాలం ఇరాన్ ఇక్కడ ఒక పై ప్రభువుగా ఉన్నట్టే. కాందహార్ కోట కోసం సఫవీలతో తగాదా పడుతున్న మొఘలులకు అది మింగుడుపడే విషయం కాదు. మత భాషలో రాసుకున్న రాజకీయ ఒప్పందంగా 1636 పత్రాన్ని చదవడానికి ఈ ఆధారాలు సరిపోతాయి. మత ద్వేషం లేనేలేదని చెప్పడానికి మాత్రం సరిపోవు. నలుగురు ఖలీఫాల షరతు అందులో స్పష్టంగా ఉంది.

ఆ తర్వాత ఏమైంది? 1660లలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో హుస్సేన్ పండుగను కళ్లారా చూసి రాశాడు. ఇరాన్‌లో కంటే ఇక్కడే హంగామా ఎక్కువన్నది ఆయన అభిప్రాయం. ఆయన మాటల్లో పరాయి మతం మీది చిన్నచూపు ఉంది కాబట్టి వర్ణనను జాగ్రత్తగా తీసుకోవాలి. అయినా పండుగ వీధిలోనే జరుగుతోందన్న సంగతికి అది సాక్ష్యమే. ఖుత్బా మారాలని సంతకం పడిన ముప్పై ఏళ్లకు కూడా మొహర్రం తగ్గలేదు. సామ్రాజ్యం పట్టుబట్టింది మసీదు ప్రసంగ పీఠం మీద. జనం దుఃఖం ఆ పీఠం చుట్టూ తిరగలేదు.

1687: మత యుద్ధమా?

అబుల్‌హసన్ తానాషా మీదికి ఔరంగజేబు దండెత్తినప్పుడు చూపిన కారణాల్లో తన హిందూ మంత్రులు అక్కన్న మాదన్నలకు అధికారం ఇవ్వడం, మరాఠా రాజు శంభాజీకి డబ్బు సాయం చేయడం, కప్పం బాకీలు ప్రధానంగా వినిపిస్తాయి. కప్పం గొడవ పాతదే. హొన్ను మారకం విలువ పెరిగాక ఆ తేడా కూడా కట్టాల్సిందేనని ఔరంగజేబు దక్కను సుబేదారుగా ఉన్నప్పుడే పట్టుబట్టాడు. 1686లో అక్కన్న మాదన్నలను హైదరాబాదులో చంపేశారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687 సెప్టెంబరులో గోల్కొండ కోట పడిపోయింది. తానాషాను దౌలతాబాదులో బంధించారు. 1699లో అక్కడే చనిపోయాడు.

సున్నీ చక్రవర్తి షియా రాజ్యాన్ని మతం కోసం కూల్చాడనే మాటకు అనుకూలమైన ఆధారాలున్నాయి. హైదరాబాదుకు ‘దారుల్ జిహాద్’ అని పేరు పెట్టారు. అది నాణేల మీద ముద్రై ఉంది. 1669లో బుర్హాన్‌పూర్‌లో మొహర్రం గొడవ జరిగాక సామ్రాజ్యంలో ఊరేగింపులు నిషేధించారని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. బాద్‌షాహీ ఆశుర్‌ఖానా ఆరాధన ఆగిపోయి పశువులు, బండ్లు కట్టే చోటుగా మారిందని హైదరాబాదు చరిత్రకారులు చెబుతూ వచ్చారు. ఇవి తేలిగ్గా తోసెయ్యగలిగినవి కావు.

ఎదురు ఆధారాలూ అంతే బరువైనవి. దక్కను ముస్లిం రాజ్యాల మీద యుద్ధం ధర్మసమ్మతమేనా అని ఔరంగజేబు తన ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాంను అడిగితే, కాదని ఆయన తేల్చాడు. ఆ తర్వాత పదవి వదులుకుని మక్కాకు వెళ్లిపోయాడు. అంటే సామ్రాజ్యంలోని అత్యున్నత సున్నీ న్యాయాధికారికే ఇది ధర్మయుద్ధంగా తోచలేదు. ఔరంగజేబు రెండో కొడుకు ముఅజ్జం, తర్వాత బహదూర్‌షాగా గద్దెనెక్కినవాడు, తానాషాతో లోపాయకారీగా ఉత్తరాలు నడిపాడన్న ఆరోపణతో 1687లోనే ఖైదయ్యాడు. ముట్టడిని చూసి రాసిన నీమత్ ఖాన్ ఆలీ స్వయంగా షియా. ఔరంగజేబు కొలువులోనే ఉంటూ ఆ దండయాత్రను ఎత్తిపొడుస్తూ పుస్తకం రాశాడు. ఔరంగజేబు చివరి ముప్పై ఏళ్లలో పెద్ద మన్సబ్‌దార్లలో, అంటే పెద్ద హోదా ఉన్న మొఘల్ అధికారుల్లో, సుమారు ఐదో వంతు ఇరానీలేనని చరిత్రకారుడు అతహర్ అలీ లెక్క తేల్చాడు. ఇరానీలంతా షియాలని అనుకోకూడదు గాని, షియాలను కొలువు నుంచి ఏరివేసిన ప్రభుత్వంలో ఆ నిష్పత్తి ఉండదు.

బహదూర్‌షా చక్రవర్తి అయ్యాక తిరగబడిన దృశ్యం కూడా ఒకటుంది. ఖుత్బాలో అలీని ప్రవక్త వారసుడిగా చెప్పే మాట చేర్చమని ఆయన ఆజ్ఞాపించాడు. 1711లో లాహోరులో సున్నీ పండితులు, జనం ఎదురుతిరిగారు. చక్రవర్తి వెనక్కి తగ్గాడు. షియా వైపు మొగ్గినా, సున్నీ వైపు మొగ్గినా, మొఘలులకు గొడవ వచ్చిపడింది ఖుత్బా దగ్గరే. ఆ సంస్థను సామ్రాజ్యం ఎంత ముఖ్యంగా చూసిందో 1636, 1711 ఘటనలు రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది.

బాద్‌షాహీ ఆశుర్‌ఖానా మూతబడడానికి నిషేధం ఒక్కటే కారణమనీ చెప్పలేం. దాన్ని నడిపినది సుల్తాను ఖజానా. సుల్తానే ఖైదయ్యాక దీపాలకు నూనె, ముజావర్లకు జీతం ఇచ్చేదెవరు? అదే ఆశుర్‌ఖానా అసఫ్‌జాహీల కాలంలో, నిజాం అలీ ఖాన్ పాలనలో, మళ్లీ నిధులు అందగానే లేచి నిలబడింది. నిజాం అలీ ఖాన్ సున్నీ. మూతబడడం, తెరుచుకోవడం రెండూ ఖజానా కదలికతో సరిపోలుతున్నాయి. పాలకుడి మతంతో అంత బాగా సరిపోలడం లేదు. రెండో వాదానికి ఈ ఆధారాలను బట్టి చెయ్యగల సవరణ ఇది: సామ్రాజ్యం రాజధానిలోని షియా సంస్థలను ప్రధానంగా నిధులు తెంచేయడం ద్వారా దెబ్బతీసింది, మత నిషేధం దానికి తోడైంది.

హైదరాబాదు నుంచి ఇరాన్‌కు తిరుగు ప్రయాణం

రాజు మీద ఆధారపడిన మఠానికి, రాజు లేకుండా బతికిన మఠానికి తేడా చూడాలంటే నిమతుల్లాహీ సూఫీ పరంపర కథ చదవాలి. మాహాన్‌లో 1431లో కాలం చేసిన షా నిమతుల్లా వలీ కీర్తి విని, బీదరును రాజధాని చేసుకున్న బహమనీ సుల్తాను అహ్మద్ షా ఆయన్ను పిలిపించాడు. గురువు తనకు బదులు తన మనవడు నూరుల్లాను పంపాడు. సుల్తాను అతనికి తన కూతురినిచ్చి, స్థానిక గేసూదరాజ్ వంశీకుల కంటే పై పీట వేశాడు. గురువు పోయాక కొడుకు ఖలీలుల్లా కూడా బీదరు చేరాడు. బీదరు దగ్గరి అష్టూరులో ఆయన సమాధి చౌఖండీ నేటికీ నిలిచి ఉంది. అప్పటికి ఈ పరంపర సున్నీ చట్రంలోనే ఉంది. ఇరాన్‌లో సఫవీల యుగంలో బాహాటంగా షియా అయింది.

సఫవీలు స్వయంగా అర్దబీల్ సూఫీ మఠం నుంచి పుట్టిన రాజులు. అయినా 1501లో సింహాసనం ఎక్కాక పోటీ మఠాలను సహించలేదు. వాళ్ల కోపానికి గురైన ఇస్మాయిలీ ఇమాం షా తాహిర్ ఇరాన్ విడిచి దక్కను చేరి, అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాంషాను 1537లో షియా మార్గం వైపు తిప్పాడు. ఇక్కడొక పాఠం ఉంది. షియా సామ్రాజ్యంలో కూడా షియా గురువులకు రక్షణ ఖాయం కాదు. సామ్రాజ్యానికి, మఠానికి మధ్య తగాదా ఎప్పుడూ సున్నీ–షియా గీత మీదే నడవలేదు.

ఇరాన్‌లో క్షీణించిన నిమతుల్లాహీ పరంపర దక్కనులో దీపం ఆరకుండా నిలుపుకుంది. బహమనీలు పోయారు, కుతుబ్‌షాహీలు పోయారు, మొఘలులు బలహీనపడ్డారు. గురు పరంపర ఆగలేదు. 18వ శతాబ్దపు చివరి పాదంలో దాని గురువు రిజా అలీ షా దక్కనీ తన శిష్యుడు మాసూం అలీ షాను ఇరాన్‌కు పంపాడు. షీరాజ్‌లో కరీంఖాన్ జంద్ ఏలుబడిలో అతనికి శిష్యులు పోగయ్యారు. కొద్దికాలానికే ఊరు విడిచి పొమ్మన్నారు. అతని శిష్యవర్గానికి చెందిన ముష్తాక్ అలీ షాను 1792లో కెర్మాన్‌లో చంపేశారు. మాసూం అలీ షా కెర్మాన్‌షాహ్‌లో షియా ముజ్తహిద్ (ధర్మశాస్త్ర పండితుడు) బిహ్బహానీ చేతికి చిక్కి 1790లలో ప్రాణం పోగొట్టుకున్నాడు. కాజార్ రాజు ఫత్ అలీ షా పండితుల పక్షాన నిలిచాడు. ఆయన తర్వాత వచ్చిన మహమ్మద్ షా (1834–48) సూఫీ మొగ్గున్నవాడు కావడంతో అదే పరంపరకు ఆదరణ దొరికింది. ఇవాళ ఇరాన్‌లో ఉన్న నిమతుల్లాహీ శాఖలు తమ వంశవృక్షాన్ని దక్కను గురువుల మీదుగానే లెక్కించుకుంటాయి.

తెలుగు నేల నుంచి ఇరాన్‌కు వెళ్లిన ఈ మతధారను మన చరిత్ర పుస్తకాలు దాదాపు పట్టించుకోలేదు. అది బతికింది రాజు ఇచ్చిన కట్టడం వల్ల కాదు. గురువు నుంచి శిష్యుడికి చేతులు మారే పరంపరను ఏ జప్తూ పట్టుకోలేదు కాబట్టి.

బ్రిటిష్ సర్కారు: డబ్బు పగ్గం

పల్నాడు ఆర్కాటు నవాబు కిందికి వచ్చి, 1787లో రెవెన్యూ వసూలు కంపెనీకి అప్పగించబడి, 1801లో పూర్తిగా కంపెనీ వశమైంది. పక్కనున్న గుంటూరు సర్కారు 1788లో నిజాం నుంచి కంపెనీకి దక్కింది. కొత్త సామ్రాజ్యానికి ఖుత్బాతో పని లేదు. భూమి శిస్తుతో పని. మద్రాసు 1817 నాటి ఏడో రెగ్యులేషన్ ధర్మాదాయ సంస్థల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1858 నుంచి ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి గుళ్లు, మసీదులు, దర్గాలు, సేవకుల ఇనాం భూములను విచారించి పట్టాలిచ్చింది. 1863 చట్టంతో ప్రభుత్వం మత సంస్థల నిర్వహణ నుంచి తప్పుకుంది.

షియా సంస్థలకు, బ్రిటిష్ ప్రభుత్వానికి మధ్య నడిచిన అతి పెద్ద డబ్బు వ్యవహారం మాత్రం అవధ్‌కు సంబంధించినది. లక్నో పాలకుడు గాజీవుద్దీన్ హైదర్ 1825లో కంపెనీకి కోటి రూపాయలు శాశ్వత అప్పుగా ఇచ్చాడు. దానిమీద వడ్డీలో కొంత భాగం కాలక్రమంలో ఇరాక్‌లోని నజఫ్, కర్బలా ముజ్తహిదుల చేతికి చేరే ఏర్పాటు జరిగింది. 19వ శతాబ్దం మధ్య నుంచి అది బ్రిటిష్ అధికారుల ద్వారా పంపిణీ అయింది. ఎవరికి ఎంత ఇవ్వాలన్న నిర్ణయాన్ని 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అధికారులు రాజకీయ సాధనంగా వాడుకోవాలని చూశారు. ముజ్తహిదులు అందరూ లొంగలేదు. కొందరు ఆ సొమ్మునే ముట్టలేదు. ఖుత్బా మీద మొఘలులు పెట్టిన పట్టు లాంటిదే ఇక్కడ వడ్డీ మీద పడింది. ఇనాం పట్టా కూడా ఆ కోవలోదే, చిన్న మోతాదులో.

ఊరి సావిడి సాక్ష్యం

మూడో వాదం మిగిలింది: ఊరిలో ఉన్నది గోల్కొండ దర్బారు అవశేషమేనా? దీనికి అత్యంత విలువైన సాక్షి ఏలూరు మనిషే. జాఫర్ షరీఫ్ అనే దక్కనీ సున్నీ ముస్లిం రాసిన ‘కానూన్-ఎ-ఇస్లాం’ గ్రంథాన్ని మద్రాసు సర్వీసులోని వైద్యుడు హెర్క్‌లాట్స్ ఆంగ్లంలో 1832లో లండన్‌లో అచ్చువేయించాడు. అందులో మొహర్రానికి పెద్ద చోటు దక్కింది. గుండం తవ్వడం, రాత్రిళ్లు నిప్పు చుట్టూ తిరగడం, పీర్లకు దట్టీలు, మొక్కులు, వేషాల ఫకీర్లు, పదో రోజు నీటికి వెళ్లడం అన్నీ ఉన్నాయి. గోల్కొండ పడిపోయి నూటనలభై ఏళ్లు దాటాక, షియా కాని ఒక ఆంధ్ర ముస్లిం తన చుట్టూ ఉన్న జన జీవితంగా దీన్ని రాశాడు. దర్బారు లేకుండానే ఆచారం నిండుగా ఉందనడానికి ఇది బలమైన రుజువు.

దర్బారుతో సంబంధమే లేదని కూడా అనలేం. సావిడిలో కనబడే కొన్ని వివరాలు పారశీక మూలాన్ని పట్టిస్తాయి. ఐదు వేళ్ల పంజా ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుస్సేన్ ఐదుగురికీ గుర్తు. హసన్ కొడుకు ఖాసిం పేరున నిలిపే పీరును పెళ్లికొడుకుగా చూడడం, గుండం చుట్టూ తిరిగేవాళ్ల నోట ‘దూలా దూలా’ అన్న కేక, యుద్ధభూమిలోనే ఖాసింకు పెళ్లి జరిగిందన్న కథకు జాడలు. ఆ కథకు ప్రచారం తెచ్చింది హిరాత్‌లో 16వ శతాబ్దం తొలి ఏళ్లలో కాషిఫీ రాసిన పారశీక గ్రంథం ‘రౌజతుష్షుహదా’. అది దక్కను షియా సభల్లో చదివిన పుస్తకం. పల్నాడు రైతు ఆ పుస్తకం పేరు వినలేదు. కథ మాత్రం అతని ఊరి గుండం దాకా వచ్చింది. దర్బారు మార్గం ఇచ్చింది, ఊరు దాన్ని తనకు తగ్గట్టు మలచుకుంది.

ఎలా మలచుకుందో చెప్పే ఆధునిక అధ్యయనాల్లో అఫ్సర్ మహమ్మద్ 2013లో ప్రచురించిన ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ ముఖ్యమైనది. అనంతపురం ప్రాంతపు గూగూడులో కుళ్లాయప్ప పీరు చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి నడిపే పండుగ మీద ఆ పరిశోధన సాగింది. ఊరివాళ్ల దృష్టిలో పీరు షియా ఇమాం మాత్రమే కాదు, ఊరి దేవుడు, మాట తప్పని వీరుడు కూడా. గూగూడు తీర్మానాలను పల్నాడుకు యథాతథంగా దించకూడదు. అయినా పల్నాటి వీరులను కార్తీకంలో కారంపూడిలో కొలిచే నేలకు, అన్యాయంగా చచ్చిన వీరుణ్ణి ఏడాదికోసారి ఆయుధంతో సహా ఊరేగించి ఏడ్వడం కొత్త విషయం కాదు. కర్బలా కథ ఇక్కడ నాటుకోవడానికి నేల సిద్ధంగా ఉందని ఊహించడం న్యాయమే. ఇది ఊహగానే చెబుతున్నాను. రుజువు కావాలంటే ఊరూరా సావిడి చరిత్ర రాయాలి.

ఏది తేలింది

షియా సంస్థలను మూడు రకాలుగా విడదీసి చూస్తే సామ్రాజ్యాలతో వాటి సంబంధం స్పష్టపడుతుంది. దర్బారు సంస్థ ఖజానా మీద బతికింది. ఖజానా పోగానే కుంగింది, తిరిగి రాగానే లేచింది. సూఫీ పరంపర మనిషి నుంచి మనిషికి సాగింది. దాన్ని మొఘలులు పట్టించుకోలేదు, ఇరాన్‌లో షియా ప్రభుత్వమే వెంటాడింది. ఊరి సావిడి చందా మీద, మొక్కు మీద, ఎక్కడన్నా చారెడు ఇనాం మీద నడిచింది. ఖుత్బా ఒప్పందాలు దాని గుమ్మం తొక్కలేదు. పాలకుడి మతం ఒక్కదాన్నే పట్టుకుని ఈ మూడింటి గతినీ వివరించబోతే ఆధారాలు ఎదురుతిరుగుతాయి. సంస్థకు తిండి పెట్టిందెవరు అని అడిగితే చాలావరకు సరిపోతాయి.

ఈ తీర్పు వర్తమానానికీ అవసరం. పీర్ల పండుగ ఎవరిదన్న తగువు అప్పుడప్పుడూ రేగుతోంది. ఇది ఇస్లాం కాదని కొందరు, మనది కాదని ఇంకొందరు అంటున్నారు. మూడు వందల ఏళ్లకు పైగా పెద్దగా ఏ సింహాసనం సాయమూ లేకుండా ఊరు తన డబ్బుతో, తన ఒళ్లు వంచి నిలుపుకున్నదాన్ని పరాయి సొత్తు అనడం చరిత్రకు విరుద్ధం.

చెయ్యాల్సిన పని కూడా ఇక్కడే ఉంది. ఇనాం కమిషన్ ఫెయిర్ రిజిస్టర్లలో, వక్ఫ్ గెజిట్ జాబితాల్లో పాత ఆశుర్‌ఖానాల వివరాలు ఊరి పేరుతో, సర్వే నంబరుతో నమోదై ఉన్నాయి. పల్నాడు జిల్లా కళాశాలల చరిత్ర శాఖలు ఆ పద్దులను బయటికి తీసి, ఇప్పుడున్న సావిళ్లతో సరిపోల్చాలి. పీర్ల మీద చెక్కిన పేర్లు, తేదీలు ఫొటోలు తీయాలి. ముజావర్ల ఇళ్లలో ఉన్న పాత సనదులను చదివించాలి. కుతుబ్‌షాహీలు ఫర్మానాలను పారశీకంలోనూ తెలుగులోనూ రాయించేవాళ్లు. అలాంటి కాగితం ఒక్కటి పల్నాడులో దొరికినా, దర్బారు నుంచి ఊరి దాకా వచ్చిన దారిలో ఇప్పుడు ఊహతో దాటుతున్న చోటు ఆధారంతో నిండుతుంది. సావిళ్లను పడగొట్టి కొత్తగా స్లాబులు పోస్తున్న ఈ రోజుల్లో ఈ పనిని వాయిదా వేయకూడదు.